మే నెల చట్టం

ట్రైఫీనా వచ్చేసరికి కోర్టు గది తలుపుకి తాళం వేసి ఉంది. ఆవిడ కాసేపు ఆ తాళం వంకే చూసి, పక్కనే ఉన్న అచ్చాఫీసు మెట్లెక్కింది. ఉప్పుకయ్యల నుంచి అంతదూరం బూట్లు చేత్తో పట్టుకుని నడిచొచ్చింది కాబోలు, మెట్ల మీద కూర్చుని పాదాలకంటిన బురద గడ్డితో తుడుచుకుని మరీ తొడుక్కుంది. గంజిపెట్టిన తెల్లటోపీ సర్దుకుంది. ఇదంతా లోపల కిటికీ దగ్గర నిలబడి కంపోజింగ్ చేస్తున్న జెరూషా చూస్తూనే ఉంది. చేతులు అక్షరాలు ఏరుతుంటే కళ్లు వీధిలో తిరగడం ఆవిడకి చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. ఊళ్లో ఎవరు ఎవరింటికి ఎందుకెళ్లారో తెలియకపోతే జెరూషాకి అన్నం సయించదని తమ్ముడు వెక్కిరిస్తూ ఉంటాడు.

సెడ్జ్‌హేవెన్ రేవులో ఆ తమ్ముడితో, అంటే జేబెజ్ బెకిట్ గారితో, పనిబడ్డవాళ్లు ముందు ఆయన ఒంటిమీద ఏముందో చూసుకోవాలి. తోలు ఏప్రన్ ఉంటే ఆయన అచ్చువేసేవాడు. నల్లకోటు ఉంటే జిల్లా కోర్టు గుమాస్తా. అచ్చువేసేవాడి బల్ల ఎడమపక్క, గుమాస్తా బల్ల కుడిపక్క. ఆ బల్ల దగ్గరి పని ఈ బల్ల దగ్గర అడిగితే ఆయన చెప్పడు. కోటు తొడుక్కుని, ఆరడుగులు నడిచి, కుడిపక్క కూర్చున్నాక చెబుతాడు.

"గుమాస్తాగారూ, కోర్టు తలుపు ఎప్పుడు తీస్తారండీ?" అంది ట్రైఫీనా.

జేబెజ్ ఏప్రన్‌లో ఉన్నాడు. నిట్టూర్చి లేచి, కోటు తొడుక్కుని, కుడిపక్క కూర్చున్నాడు. "కోర్టు అయిపోయిందమ్మా. పోయిన మంగళవారమే అయిపోయింది."

"అదేంటి బాబూ! ఇవాళ కదా అక్టోబరు రెండో మంగళవారం? మీ పంచాంగంలోనే ఉంది. పాస్టరుగారి చేత మూడుసార్లు చదివించుకున్నాను."

"పంచాంగం వేసింది పోయిన చలికాలంలో. మే నెలలో అసెంబ్లీ చట్టం మార్చింది. ఈ జిల్లా కోర్టు ఇకనుంచి మొదటి మంగళవారం. నీ పేరు పిలిచారు. నువ్వు రాలేదు. దావా కొట్టేశారు."

"కొట్టేశారంటే?"

"అంటే పిల్ల స్టిల్సన్‌గారి దగ్గరే ఉంటుంది. పద్దెనిమిదేళ్లొచ్చేదాకా."

ట్రైఫీనా కూర్చోలేదు, ఏడవలేదు. బల్లమీద రెండు చేతులూ ఆనించి, కొంచెం ముందుకి వంగింది. "ఆయన శనివారం బళ్లు కట్టుకుని ఉత్తరాదికి పోతున్నాడు బాబూ, కొత్త భూముల్లోకి. దాన్నీ తీసుకుపోతాడు. మళ్లీ కోర్టు ఎప్పుడు?"

"మార్చిలో."

"మార్చిలో నేనెక్కడని వెతుక్కోను?"

జెరూషా చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు ఆగిపోయింది. ట్రైఫీనా మొగుడి పడవ తిరిగిరాని ఏడు ఊరి పెద్దలు ఆమె కూతురు కెజయాని మిల్లు స్టిల్సన్ ఇంట పనికి రాసిచ్చేశారు. తల్లికి తిండిపెట్టే శక్తి లేదన్నారు. ఇప్పుడా తల్లి ఉప్పు కాచే కొట్టంలో పని సంపాదించుకుంది, గది చూసుకుంది, దావా వేసింది. ఇదంతా జెరూషాకి తెలుసు. తెలియందల్లా ఒక్కటే, అదే నోట్లోంచి వచ్చేసింది.

"ఒరేయ్ జేబెజ్, ఆ చట్టం మనం అచ్చేశామా?"

"ఎందుకు వెయ్యలేదూ? మే నెల చట్టాలన్నీ వేశాంగా."

"ఇదీ వేశామా అని."

"వేసే ఉంటాం అక్కా! నేను చదివిన గుర్తుంది నాకు. పైన రాజముద్ర, కింద మూడు పేరాలు. కళ్లకి కట్టినట్టుంది."

జెరూషాకీ వేసినట్టే అనిపించింది. కానీ ఆ వేసవంతా సగం నిద్రలో చేసిన పని. ప్రసంగాల పుస్తకం ఒకటి నెత్తిమీద కూర్చుంది. చేతులు ఏం పేర్చాయో మెదడుకి చెప్పే ఓపిక వాటికి లేదు.

ట్రైఫీనా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అచ్చేస్తే మా కయ్యల దగ్గరికి ఎవరూ తేలేదు బాబూ," అని చెప్పి, మెట్లమీద బూట్లు విప్పి చేత పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారం అచ్చాఫీసులో ఉన్న పని కూడా సరిగ్గా ఆ మాటకి సంబంధించిందే కావడం విచిత్రం. వలసరాజ్యం మొత్తానికి ఒకే ముద్రాపకుణ్ణి పెట్టుకోవాలని అసెంబ్లీ అనుకుంటోంది. ఆశపడేవాళ్లు తాము ఇన్నేళ్లుగా అచ్చువేసినవన్నీ ఒక సంపుటంగా కుట్టి కమిటీకి పంపాలి. శనివారం తపాలా గుర్రంమీద అది వెళ్లిపోవాలి. ఆ పని దక్కితే జేబెజ్‌కి కొత్త ప్రెస్సొస్తుంది, జెరూషాకి అరిగిపోని అక్షరాలొస్తాయి. దక్కకపోతే పై ఊరి ముద్రాపకుడు చట్టాలన్నీ ఎగరేసుకుపోతాడు, వీళ్లకి మిగిలేవి పంచాంగమూ అంత్యక్రియల ప్రసంగాలూను. అందుకే అక్కాతమ్ముళ్లు అటకమీంచి పాత కాగితాలన్నీ దింపి, నేలమీద ఏడాదివారీగా పరిచారు.

జెరూషాకి ఆ పని పండగలా ఉంది. తన చేతుల మీదుగా వెళ్లినవే అయినా ఒకచోట ఎప్పుడూ చూడలేదు. పందుల ముక్కుకి ఇనపకమ్మి వెయ్యాలన్న చట్టం పక్కనే తోడేలు తలకి బహుమతి ప్రకటన. దాని కింద ఆదివారంనాడు పడవ నడిపితే పడే శిక్ష. ఒక ప్రసంగం పేరే పేజీన్నర ఉంది.

"ఇదేరా ఆ ముసలి పాస్టరుది! పేరు సెట్ చేసేసరికే నా పెద్ద అక్షరాలు అయిపోయాయి. మిగతా పుస్తకం చిన్నవాటితో లాగించాం."

"ఎవరూ పట్టుకోలేదుగా."

"పేరు దాటి ఎవడు చదివాడు గనక!"

జేబెజ్ నవ్వాడు. మంచివాడే. నవ్వితే చిన్నప్పటి ముఖం కనిపిస్తుంది. ఆ మే నెల కట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నవ్వు ఆగింది. ఎనిమిదో చట్టం ఉంది, పదో చట్టం ఉంది. తొమ్మిదోది లేదు.

"ఎక్కడో కలిసిపోయి ఉంటుంది," అన్నాడు.

"కలిసిపోయే ఉంటుంది," అంది జెరూషా. ఇద్దరూ వెతకడం మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్నే ట్రైఫీనా మళ్లీ వచ్చింది. ఈసారి బూట్లు తొడుక్కునే తీరిక కూడా చేసుకోలేదు. జడ్జి కోనంట్ గారు కీళ్లనొప్పులతో రేవు సత్రంలోనే ఆగిపోయారని విని, తిన్నగా ఆయన మంచం దగ్గరికే వెళ్లిందట.

"వెళ్లి ఏమన్నావమ్మా?" జెరూషా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమంటాను? నాకు తెలీదు దొరా అన్నాను. కాలు దిండుమీద పెట్టుకుని మూలుగుతున్నాడు పాపం. ఆ నొప్పికి ఉప్పునీళ్ల కాపడం మంచిదని చెప్పాను. అప్పుడు విన్నాడు."

"విని?"

ట్రైఫీనా వేళ్లు ముడిచి, పాఠం ఒప్పజెప్పే పిల్లలా అంది. "చట్టం అచ్చయి ఊళ్లోకొచ్చి ఉంటే తెలీదన్నమాట చెల్లదంట. అచ్చు కాకపోతే ఎవరికైనా తెలిసే దారి లేదు కనక తీర్పు తీసేస్తాడంట, పిల్లని నాకిచ్చేస్తాడంట. శుక్రవారం మధ్యాహ్నం పోటుకి పడవెక్కుతాడు. ఆలోగా గుమాస్తాగారు అచ్చుకాగితం తెచ్చి చూపించాలన్నాడు. ఉందా బాబూ?"

"వెతుకుతున్నాం," అన్నాడు జేబెజ్. కోటు తొడుక్కోవడం కూడా మర్చిపోయాడు.

"దొరకాలని వెతుకుతున్నారా, దొరక్కూడదనా?"

ఆ ప్రశ్నకి జెరూషా ఉలిక్కిపడింది. నిజమే, దొరికితే సంపుటం నిండుతుంది, పిల్ల పోతుంది. దొరక్కపోతే పిల్ల వస్తుంది, సంపుటంలో మే నెల దగ్గర కన్నం పడుతుంది. తను దేనికోసం వంగి వెతుకుతోందో అప్పటిదాకా ఆలోచించలేదు. పోయిందేదో దొరకాలన్న దురదే తప్ప మరోటి లేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గేసి, ట్రైఫీనాకి మొక్కజొన్న రొట్టె, వేడి ఆపిల్ సైడరు పెట్టింది.

జేబెజ్ మటుకు నిజంగానే దొరుకుతుందని నమ్మాడు. ఆ నమ్మకం చూస్తే జాలేసింది. ప్రెస్సు కింద చూశాడు, కాగితం తడిపే తొట్టి వెనకాల చూశాడు. పాడైన షీట్లు పొట్లాలకని పట్టుకెళ్లిన దుకాణాలకి వెళ్లి మిరియాల పొట్లం, మేకుల పొట్లం విప్పించాడు. పుస్తకాల అట్టలు మందంగా రావడానికి లోపల అంటించే చెత్తకాగితాలు కూడా వేణ్నీళ్లలో నానబెట్టి పొరలు పొరలుగా ఊడదీశాడు. వాటిలోంచి పాత పంచాంగం ముక్కలొచ్చాయి, పారిపోయిన నౌకర్ల ప్రకటనలొచ్చాయి. తొమ్మిదో చట్టం రాలేదు.

"స్టిల్సన్‌ని అడగరాదూ?" అంది జెరూషా. "తేదీ మారిన సంగతి ఆయనకి తెలుసుగా. అచ్చు చూసే ఉంటాడు."

జేబెజ్ వెళ్లొచ్చాడు. "ఆయన అసెంబ్లీ సభ్యుడే కదక్కా. ఆ చట్టానికి చెయ్యెత్తినవాడే. అచ్చుతో ఆయనకేం పని?"

"మిగతా దావాలవాళ్లకో?"

"లాయర్లు చెప్పారు. లాయర్లకి నేను చెప్పాను."

ఆ చివరి మాట అన్నాక జేబెజ్ గడ్డం కింద గోక్కుంటూ నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా కుడిపక్క బల్ల దగ్గరికి నడిచాడు. రెండు రోజులుగా అచ్చాఫీసంతా తలకిందులు చేసినవాడు ఆ ఒక్క బల్ల వైపు వెళ్లలేదు. ఎందుకెళ్తాడు? అది గుమాస్తా బల్ల. అక్కడ అచ్చుకాగితాలుండవు.

సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. మళ్లీ మూసిన చప్పుడు వినిపించలేదు. జెరూషా తలతిప్పి చూసింది. తమ్ముడి చేతిలో నాలుగు మడతలు విప్పిన చేతిరాత కాగితం ఉంది. పైన రాజముద్ర, కింద మూడు పేరాలు.

"గుమాస్తాకి వచ్చింది," అన్నాడు, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "చదివాను. జడ్జీలకి కబురు పంపాను. సొరుగులో పెట్టాను. అటు ఇవ్వడం మర్చిపోయాను."

"అటు అంటే ఎటురా?"

జేబెజ్ ఎడమపక్క బల్ల వైపు చూశాడు. ఆరడుగుల దూరం. జెరూషాకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆగిపోయింది. ఈ ఆరడుగులూ నడవనందుకు ఒక తల్లి పిల్లని పోగొట్టుకుంటోంది.

"నాకు తెలుసు కదక్కా. నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనే అనుకున్నాను."

శుక్రవారం పొద్దున్న జేబెజ్ ఏప్రన్ కట్టుకుని, ఆ కాగితం తెచ్చి జెరూషా ముందున్న అక్షరాల గడుల కేసుమీద పెట్టాడు.

"సెట్ చెయ్యి. ఒక్క షీటేగా, గంటల్లో అయిపోతుంది. సంపుటంలో ఖాళీ కనిపించకూడదు."

"జడ్జిగారికో?"

"ఆయనకీ ఒకటి." గొంతు సవరించుకున్నాడు. "కింద అచ్చు తేదీ మే అని వెయ్యి."

జెరూషా స్టిక్కు కిందపెట్టింది. "మే అని వేస్తే ఆ పిల్ల రేపు బండెక్కుతుంది."

"వెయ్యకపోతే మనం వీధిలో పడతాం. గుమాస్తాయే చట్టం తొక్కిపెట్టాడని తెలిస్తే కమిటీ నాకు పనిస్తుందా? ఈ ఉద్యోగమైనా ఉంటుందా? నీకెవరున్నారక్కా? నాకెవరున్నారు?"

"దానికెవరున్నారో అది కూడా చెప్పు."

"పిల్లకి అక్కడ తిండికి లోటేం లేదు. స్టిల్సన్ చెడ్డవాడు కాదు."

"మన అమ్మ నిన్ను అలా ఇచ్చేసుంటే తిండికి లోటుండేది కాదు. మన ఇంట్లోకంటే ఎక్కువే తినుండేవాడివి."

జేబెజ్ మొహం ఎర్రబడింది. "నన్నేం చెయ్యమంటావే? తప్పు చేశాను. మర్చిపోయాను. మర్చిపోవడం నేరమా?"

"మర్చిపోవడం కాదురా. ఇప్పుడు చెయ్యమంటున్నదే."

కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది జెరూషాకి. మొగుడు పోయాక ఈ కిటికీ, ఈ కేసు, ఈ తమ్ముడు తప్ప ఆవిడకి లోకంలో ఇంకేం లేవు. తమ్ముడి మాటలో అబద్ధం ఒక్కటీ లేదని కూడా తెలుసు.

చట్టం సెట్ చేసింది. రాజముద్ర దిమ్మ పైన అమర్చింది. మూడు పేరాలూ పేర్చింది. వేళ్లు వాటి దారిన అవి పోతున్నాయి, గడి గడికీ, అక్షరం వెనక అక్షరం. ఎప్పుడూ లేనిది కళ్లు కూడా వీధిలోకి పోలేదు. అడుగున 'సెడ్జ్‌హేవెన్‌లో జేబెజ్ బెకిట్ అచ్చువేసినది' అన్న వరస దాకా వచ్చి, ఆ తర్వాతి వరసలో తేదీ ఉండాల్సిన చోట ఉత్తి సీసపు దిమ్మలు పెట్టి ఆపేసింది.

"అంతా అయింది. ఆ ఒక్క వరసా నువ్వే పెట్టుకో."

"అక్కా..."

"నా చేత్తో నేను పెట్టను. మే అయినా, అక్టోబరైనా నీ చేత్తోనే పెట్టు. నీ పేరు కింద ఉండేది అది."

ఏప్రన్ విప్పి, ఖాళీ బకెట్ తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. బావి దగ్గర బకెట్ నింపి, మళ్లీ ఒంపేసి, మళ్లీ నింపింది. లోపల జేబెజ్ కేసు ముందు నిలబడ్డ నీడ కనిపిస్తోంది. కోటు తొడుక్కోవడం ఎక్కువయ్యాక అతను అక్షరాలు పేర్చడం మానేశాడు. ఏ గడిలో ఏముందో వేళ్లకి గుర్తొచ్చేదాకా తడుముకున్నట్టుంది, చాలాసేపు పట్టింది. ఆ తర్వాత అక్షరాలకి సిరా అద్దే బంతులు టప టపా కొట్టుకున్న చప్పుడు. సిరా కొట్టడానికి ఒకరు, మీట లాగడానికి ఒకరు ఉండాల్సిన పని ఒక్కడే చేసుకుంటున్నాడు. చివరికి ప్రెస్సు మీట లాగినప్పుడు వచ్చే ఆ మూలుగు వినిపించింది, ఒకే ఒక్కసారి.

ఆవిడ లోపలికొచ్చేసరికి అతను లేడు. మేకుకి వేలాడే నల్లకోటూ లేదు. ప్రెస్సుమీద అక్షరాలు మాత్రం తడితడిగా మెరుస్తున్నాయి. తలకిందులుగా ఉన్నా జెరూషాకి అవి మామూలు రాతే. రెండడుగులు వేస్తే తెలిసిపోతుంది. ఊళ్లో ప్రతి గడపలోనూ తొంగిచూసే మనిషి ఆ రెండడుగులూ వెయ్యలేకపోయింది. మే అని ఉంటే ఇకమీదట ఈ తమ్ముడికి గంజి కాచిపెట్టడం ఎలాగ? శాలువా కప్పుకుని సత్రానికి పరుగెత్తింది.

సత్రం గదిలో జడ్జి కోనంట్ బూటు ఒకటే తొడుక్కుని, రెండో కాలు ఉప్పునీళ్ల బేసిన్‌లో పెట్టుకుని కూర్చున్నాడు. గుమ్మం పక్కన గోడకానుకుని ట్రైఫీనా. కిటికీ దగ్గర, కబురందుకుని వచ్చిన స్టిల్సన్, గడియారం చూసుకుంటూ. జేబెజ్ అప్పుడే కాగితం అందిస్తున్నాడు. ఇంకా తడారలేదు, అంచులు రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

జడ్జి కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివాడు. అడుగున ఆగాడు. కాగితం ముక్కు దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చదివాడు.

"ఇదేంటి జేబెజ్? ఇవాల్టి తేదీ ఉంది?"

"ఇవాళే అచ్చయిందండీ."

"మే నెలలో అసెంబ్లీ పంపిన చట్టం?"

"నా సొరుగులో ఉండిపోయింది. అచ్చుకివ్వడం మర్చిపోయాను. ఈ ఊళ్లో ఎవరికీ తెలిసే దారి లేదు. ఆవిడ చెప్పింది నిజం."

జెరూషా గుమ్మాన్ని పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"దీన్ని మీరు ఒప్పుకుంటారా కోనంట్‌గారూ?" స్టిల్సన్ గడియారం మూశాడు. "పిల్లకి కొత్త బూట్లు కుట్టించాను, దుప్పటి నేయించాను. బండిలో చోటు కూడా చేశాను."

"ఆ చోట్లో మొక్కజొన్న పెట్టుకో," అన్నాడు జడ్జి. పెన్ను తెప్పించుకుని, ఆ అచ్చుకాగితం వెనకే పిల్లని తల్లికి అప్పగించమని నాలుగు ముక్కలు రాసి సంతకం చేసి, ఒకసారి చదివి వినిపించి, ట్రైఫీనాకిచ్చాడు. తర్వాత జేబెజ్ వైపు తిరిగాడు. "ఇది నేను అసెంబ్లీకి రాయకుండా ఉండలేను. తెలుసుగా?"

"తెలుసండీ."

"రాత్రి వచ్చి నాతో చెప్పినా సరిపోయేది కదయ్యా. ఎందుకు అచ్చువేసి తెచ్చావు?"

జేబెజ్ కోటు బొత్తాం తిప్పుతూ నిలబడ్డాడు. "మీకొక్కరికే చెబితే మళ్లీ అదే పని చేసినట్టవుతుందండీ," అన్నాడు.

అప్పటికే ట్రైఫీనా గదిలో లేదు. కాగితం గుండెకి హత్తుకుని, బూట్లు అక్కడే వదిలేసి, మిల్లు రోడ్డున పడి పరుగెడుతోంది.

శనివారం పొద్దున్న తపాలా గుర్రం వీధి చివర నిలబడింది. జెరూషా సంపుటం కుట్టుకి ఎక్కించింది. జేబెజ్ ఆ షీటువి ఇంకొన్ని ప్రతులు లాగి, దండేలమీద ఆరబెట్టి, ఊరికి నాలుగువైపులా పంపడానికి మడతలు పెడుతున్నాడు.

తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. ట్రైఫీనా, ఆవిడ చెయ్యి పట్టుకుని కెజయా. పిల్ల తల్లి భుజందాకా పెరిగింది. తల్లి పిల్ల చేతిని పట్టుకున్న తీరు చూస్తే సంతలో తప్పిపోయి దొరికిన పిల్లని పట్టుకున్నట్టుంది. పిల్లకది నొప్పిగానే ఉన్నట్టుంది కానీ విడిపించుకోలేదు.

"రామ్మా, కూర్చో," అంది జెరూషా.

"కూర్చోడానికి రాలేదమ్మా. ఒక్క మాట అడిగిపోదామని వచ్చాను." ట్రైఫీనా జేబెజ్ ముందుకొచ్చి నిలబడింది. కృతజ్ఞతలు చెబుతుందేమోనని జేబెజ్ ముందే మొహమాటంగా చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

"ఆ కాగితం ఎంతసేపట్లో అచ్చయింది బాబూ?"

"ఒక పూట."

"ఒక పూట!" ట్రైఫీనా ఇంకో అడుగు ముందుకేసింది. "మే నెలలో ఆ ఒక్క పూట నాకోసం పెట్టలేకపోయారా? నాలుగు రోజులు నాకు నిద్దర లేదు. పిల్లకి చెప్పేశారంట, మీ అమ్మ కోర్టుకి రాలేదు, నువ్వక్కర్లేదంది అని. నిన్న నేను వెళ్తే ఇది తలుపు వెనకాల దాక్కుంది. నన్ను చూసి దాక్కుంది."

కెజయా తల వంచుకుంది. జేబెజ్ లేచాడు. చేతిలో మడతపెడుతున్న షీటు జారి నేలమీద పడింది. కోటు కోసం చూడలేదు, ఏ బల్ల వైపూ కదల్లేదు. సిరా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, పిల్ల ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు.

"మీ అమ్మ వచ్చిందమ్మా. రమ్మన్న రోజునే వచ్చింది. రోజు తప్పు చెప్పింది నేను."

పిల్ల అతని మొహం వంక, తర్వాత తల్లి వంక చూసింది. ట్రైఫీనా పట్టుకున్న చేతిని మెల్లగా తిప్పి, ఈసారి తనే తల్లి వేళ్లు పట్టుకుంది.

వాళ్లు వెళ్లాక జెరూషా కిందపడ్డ షీటు తీసి దుమ్ము దులిపింది.

"దీన్ని ఎక్కడ పెట్టమంటావురా? చివర్లోనా?"

"తొమ్మిదోది కదక్కా. ఎనిమిదికీ పదికీ మధ్యన పెట్టు."

"తేదీ అందరికీ కనిపిస్తుంది."

"కనిపించనీ."

జెరూషా మే నెల దగ్గర విప్పి, అక్టోబరు కాగితం అక్కడ చేర్చి, దారానికి మైనం రాసి కుట్టడం మొదలుపెట్టింది.